డెక్ కింద మట్టిలో ఆర్సెనిక్ తేలింది, అదే చెక్కతో కూరగాయల మడి కట్టాను. ఇప్పుడేం చేయాలి?

పెరటిమడి:

నమస్కారం అండీ. కాస్త పొడుగు ప్రశ్న. నాలుగు రోజులుగా ఇదే ఆలోచన, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. మొత్తం చెబితేనే ఎవరైనా సరిగ్గా సలహా ఇవ్వగలరని అన్నీ రాస్తున్నాను.

మేం ఉంటున్న ఇల్లు 1994లో కట్టారు. వెనక తలుపు తీస్తే చెక్క డెక్, అంటే పలకలు పరిచిన అరుగులాంటిది, నేలకి మూడడుగుల ఎత్తు. ఇల్లు మా చేతికి వచ్చి నాలుగేళ్లు. మూడేళ్ల కిందట డెక్ మెట్లు మార్పించినప్పుడు పదకొండు పాత పలకలు మిగిలాయి. అన్నేళ్లు ఎండకీ వానకీ ఉన్నా ఒక్కదానికీ పుచ్చు లేదు, చెద లేదు. ఇంత గట్టి చెక్క ఎలా పారేస్తామని వాటితోనే ఎనిమిదడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పుతో మడి కట్టాను. అప్పటినుంచీ ఆకుకూరలు, ముల్లంగి, టమాటాలు అందులోనే వేస్తున్నాను.

పోయిన నెల మావారు రెయిలింగుకి రంగు వేద్దామని చెక్కని అరగదీసే యంత్రం, స్యాండర్ పట్టారు. రెండు రోజుల పని. సన్నటి పొడి గడ్డి మీదా మడి మీదా పడింది. చెక్క పొడే కదా అని ఊడ్చి కంపోస్ట్ కుప్పలో వేశాను. ఆ తర్వాత ఒక పలక అడుగున సగం చెరిగిపోయిన ముద్ర కనిపించింది. సీసీఏ అని, పక్కన 0.40 అని ఉంది. వెతికితే క్రోమియం, కాపర్, ఆర్సెనిక్ కలిపిన మందు అని తెలిసింది. చేతులు చల్లబడిపోయాయి.

వెంటనే మట్టి పరీక్ష చేయించాను. కిలో మట్టికి మిల్లీగ్రాముల్లో ఆర్సెనిక్ ఇలా వచ్చింది: డెక్ కింద పైమట్టిలో 64, మడిలో పలకని ఆనుకుని 41, మడి నడిమధ్య 8, పెరటి చివర చెట్టు దగ్గర 4.

మా పాపకి ఐదేళ్లు. వాన పడితే చాలు, డెక్ కిందే దాని బొమ్మరిల్లు. ఆ మట్టితోనే ఆడుతుంది. ఇన్నాళ్లూ నా చేతులతో విషం పెట్టానా అని తలుచుకుంటే ఏడుపొస్తోంది.

ఈ ఆర్సెనిక్ ఎంత దూరం పాకుతుంది? మేం తిన్న కూరగాయల సంగతేంటి? డెక్ మొత్తం పీకించేయాలా? పీకిస్తే ఆ చెక్క ఏం చేయాలి? తెలిసినవాళ్లొకరు ముక్కలు చేసి పొయ్యిలో పెట్టేయమన్నారు, కాలితే విషం పోతుందట. ఈ శనివారమే మొదలుపెడదామని మావారంటున్నారు.

మట్టివాసన:

పెరటిమడి గారూ, మిగతాదంతా తర్వాత. ముందు ఒక్క మాట: దయచేసి ఒక్క ముక్క కూడా కాల్చకండి. శనివారం పని ఆపండి.

ఆర్సెనిక్ మూలకం. నిప్పు దాన్ని నాశనం చేయలేదు. కొంత పొగలో కలిసి గాల్లోకి పోతుంది, మిగిలింది బూడిదలో చిక్కబడుతుంది. చెక్క బరువంతా కాలిపోయి పిడికెడు బూడిద మిగులుతుంది కదా, లోహాలన్నీ ఆ పిడికెడులోనే ఉంటాయి. ఇలాంటి బూడిద నాకి పశువులు చచ్చిపోయిన సంఘటనలు నమోదయ్యాయి. అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఒక పల్లె ఇంట్లో 8 మంది మూడేళ్లపాటు చలికాలం వచ్చేసరికి జబ్బుపడేవారు. చివరికి చూస్తే వెచ్చదనం కోసం వాళ్లు పొయ్యిలో వేసుకున్నది ఈ మందు పట్టించిన ప్లైవుడ్ ముక్కలు. ఆ కేసు 1984లో వైద్య పత్రికలో అచ్చయింది. మీకు సలహా ఇచ్చినవాళ్లు మంచికే చెప్పి ఉంటారు, కానీ ఈ విషయంలో అంతకన్నా ప్రమాదకరమైన సలహా లేదు.

నేను పందొమ్మిదేళ్లు మట్టి, నీటి పరీక్షల ల్యాబులో పనిచేశాను. మీలాంటివాళ్లు తెచ్చిన సంచులు చాలా చూశాను. కాబట్టి నిదానంగా చెబుతాను.

ఈ మందుని 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో సొంటి కామేశం గారు కనిపెట్టారు. చెదల నుంచి, కుళ్లు నుంచి కలపని కాపాడాలన్నది ఉద్దేశం. కాపర్ శిలీంధ్రాన్ని చంపుతుంది. ఆర్సెనిక్ చెదపురుగుని, కాపర్‌కి లొంగని కొన్ని రకాల శిలీంధ్రాన్ని చంపుతుంది. క్రోమియం ఆ రెండింటినీ చెక్క నారకి పట్టి ఉంచుతుంది. మీ పలకలకి ఇన్నేళ్లయినా పుచ్చు పట్టకపోవడానికి కారణం అదే. మందు చాలా బాగా పనిచేసింది, అందుకే ప్రపంచమంతా వాడింది. అయితే క్రోమియం వేసిన ముడి పూర్తి ముడి కాదు. వాన పడ్డప్పుడల్లా కొంచెం ఆర్సెనిక్, కొంచెం కాపర్ చెక్కలోంచి ఊటలా బయటికి వస్తాయి. మొదటి ఏడాది ఎక్కువ, తర్వాత తగ్గుతుంది, కానీ దశాబ్దాలైనా ఆగదు. అన్నేళ్ల తర్వాత కూడా ఎక్కువ భాగం చెక్క లోపలే ఉంటుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

మీకు కనిపించిన 0.40 అంటే ఘనపు అడుగు చెక్కకి పట్టించిన మందు, పౌండ్లలో. మన లెక్కలో ఘనపు మీటరుకి 6.4 కిలోలు, నేలని తాకే చెక్కకి వాడే మోతాదు. ఎక్కువగా వాడిన రకంలో మూడో వంతు ఆర్సెనిక్ ఆక్సైడ్. అందులోంచి ఆక్సిజన్ తీసేస్తే ఘనపు మీటరుకి 1.4 కిలోల ఆర్సెనిక్. నాలుగంగుళాల చదరం, ఎనిమిదడుగుల పొడుగున్న ఒక్క స్తంభం తీసుకోండి. మందు అంతటా పట్టిందనుకుంటే అందులో 30 గ్రాములకి పైనే ఉంటుంది. దాన్లో నూటికి ఒక్క వంతు కారి స్తంభం కాళ్ల దగ్గర 100 కిలోల మట్టిలో కలిసినా, కిలోకి 3 మిల్లీగ్రాములు పెరుగుతుంది. మామూలు నేలలో సహజంగా ఉండేదే కొన్ని మిల్లీగ్రాములు. మీ చెట్టు దగ్గరి 4 అన్నది ఆ సహజమైన అంకె.

ఇప్పుడు మీ 64 గురించి. 1997లో అమెరికాలోని కనెక్టికట్‌లో ఇలాంటి డెక్‌ల కింది మట్టి పరీక్షించి ఫలితాలు అచ్చువేశారు. సగటు 76, అతి తక్కువ 3, అతి ఎక్కువ 350. డెక్‌కి దూరంగా తీసిన మట్టిలో 4కి కాస్త లోపు. తర్వాత ఫ్లోరిడాలో ఎనిమిది డెక్‌ల కింద చూస్తే సగటు 28 దాకా వచ్చింది. అంటే మీ ఇంట్లో ఎక్కడా లేని విపరీతం జరగలేదండీ. అలాగని పాప ఆడుకోవడానికి పనికొచ్చే మట్టీ కాదు. రేపటినుంచి డెక్ కిందకి దారి మూసేయండి.

ఎంత దూరం పాకుతుందని అడిగారు. దీనికి జవాబు మీ రిపోర్టులోనే ఉంది. పలకని ఆనుకుని 41 ఉన్నది రెండడుగులు జరిగేసరికి 8కి పడిపోయింది. ఆర్సెనిక్ మట్టిలో నీళ్లలా జారిపోదు. ఎర్రమట్టికి ఆ రంగునిచ్చేది ఇనుప తుప్పు. ఆ తుప్పు రేణువులు ఆర్సెనిక్‌ని గట్టిగా పట్టుకుంటాయి. బంకమట్టి అయితే పై కొద్ది అంగుళాల్లోనే చాలావరకు ఆగిపోతుంది. ఇసుక నేలలో పట్టు తక్కువ, కాబట్టి లోతుకి దిగుతుంది. ఆ పట్టు సడలించే పనులు కొన్ని ఉన్నాయి. నీళ్లు రోజుల తరబడి నిలిచి గాలి ఆడకపోతే ఇనుప తుప్పే కరిగి, పట్టుకున్న ఆర్సెనిక్‌ని వదిలేస్తుంది. వదిలిన రూపం అంతకుముందుకన్నా విషపూరితం, చలాకీ కూడా. భాస్వరం ఎరువు ఎక్కువ వేస్తే, భాస్వరానికీ ఆర్సెనిక్‌కీ రసాయన స్వభావం దగ్గర కాబట్టి, భాస్వరం తుప్పు రేణువు మీద చోటు ఆక్రమించి దీన్ని బయటికి తోసేస్తుంది. మట్టి మంచిదవుతుందని సున్నం బాగా చల్లడమూ కొన్నిసార్లు ఇదే పని చేస్తుంది. మడి మట్టి సంగతి తేలేవరకు భాస్వరం ఎరువు, సున్నం రెండూ ఆపండి.

నన్ను నిజంగా కలవరపెట్టింది మీ డెక్ కాదు, స్యాండర్ పొడి. ఇందాక చెప్పాను కదా, ఎక్కువ భాగం చెక్క లోపలే ఉంటుందని. నిలువుగా నిలబడ్డ పలక వానకి చుక్కచుక్కగా వదులుతుంది. దాన్నే పొడి చేస్తే ప్రతి రేణువూ నీటికి అందుతుంది, గాలికి ఎగురుతుంది, చేతికి అంటుతుంది. పైగా కుళ్లే ఆకుల మధ్య వేశారు, అక్కడ పుట్టే ఆమ్లాలు దాన్ని ఇంకా తొందరగా లాగుతాయి. పావుకిలో పొడి అనుకున్నా అందులో అర గ్రాము పైచిలుకు ఆర్సెనిక్ ఉంటుంది. 100 కిలోల కంపోస్టులో కలిస్తే కిలోకి 6 మిల్లీగ్రాములు ఒక్క దెబ్బకి పెరుగుతుంది. ఆ కంపోస్ట్ ఎక్కడా వాడకండి. ప్లాస్టిక్ పట్టా కప్పి, ఒక నమూనా ల్యాబుకి పంపండి.

కూరగాయల్లో టమాటాల్లాంటి కాయల్లోకి చాలా తక్కువ చేరుతుంది. దుంపలు, ఆకుకూరల విషయంలో జాగ్రత్త కావాలి. మొక్క పీల్చుకునేదానికన్నా పైన అంటుకున్న మట్టే చాలాసార్లు ఎక్కువ ఉంటుంది. మీరు బాగా కడిగి, ముల్లంగి చెక్కు తీసి, ఎక్కువగా మడి మధ్యలో పెంచి ఉంటే తిన్నది కొంచెమే. పలక పక్క వరసలో ఉన్నవి మాత్రం ఇక కోయకండి, పీకి సంచిలో కట్టండి.

పాప గురించి. కెనడాలోని ఎడ్మంటన్‌లో ఇలాంటి చెక్కతో కట్టిన ఆటస్థలాల్లో ఆడిన పిల్లల చేతులు కడిగించి, ఆ నీళ్లు పరీక్షించారు. సగటున 0.5 మైక్రోగ్రాము వచ్చింది. మామూలు ఆటస్థలాల్లో ఆడిన పిల్లల చేతుల మీద 0.1 దాకా. ఐదు రెట్లు తేడా, కానీ అంకె చిన్నది, చేతులు కడిగితే చాలావరకు పోయేది. మీ మనసు కుదుటపడాలంటే డాక్టరుకి చెప్పి మూత్ర పరీక్ష చేయించండి. అది గత కొద్ది రోజుల సంగతే చెబుతుంది. పరీక్షకి ముందు నాలుగైదు రోజులు చేపలు, రొయ్యలు పెట్టకండి. వాటిలో ఉండే హాని లేని ఆర్సెనిక్ కూడా కలిసి అంకె పెద్దదిగా కనిపిస్తుంది, ఊరికే భయపడతారు. ఏ రూపంలో ఎంత ఉందో విడదీసి చెప్పే పరీక్ష అయితే ఇంకా మంచిది.

మీరు తెలిసి చేసింది కాదు. తెలిసిన రోజే మట్టి పరీక్షకి ఇచ్చారు. చాలామంది అది కూడా చేయరు.

ఉలిపని:

మట్టివాసన గారు రాసినదానికి ఒక చెక్కపనివాడిగా నా వైపునుంచి కొంత.

2003 దాకా నేను ఈ చెక్కతో చాలా డెక్‌లు కట్టాను. అప్పట్లో ఎవరూ మాస్కు పెట్టుకోలేదు. అమెరికాలో కంపెనీలు ఇళ్లకి వాడే చెక్కలో ఈ మందు ఆపేస్తామని 2002 ఫిబ్రవరిలో ఒప్పుకున్నాయి. 2003 డిసెంబర్ 31 తర్వాత ఇళ్ల పనికి ఈ మందు పట్టించడం ఆగిపోయింది. కెనడా కూడా అప్పుడే ఆపింది. ఐరోపా 2004లో, ఆస్ట్రేలియా 2006లో కట్టడి చేశాయి. కరెంటు స్తంభాలకి, సముద్రంలో పాతే దుంగలకి చాలాచోట్ల ఇప్పటికీ వాడతారు. 1994 ఇల్లంటే ముద్ర చూడకపోయినా అనుమానించాల్సిందే. కొత్తలో ఆకుపచ్చ ఛాయ ఉంటుంది, పాతబడితే బూడిద రంగుకి మారిపోయి ఏ చెక్కో తెలియదు. కాపర్ ఉంటే ఎర్రబడే పరీక్ష ద్రావణం ఒకటి దొరుకుతుంది గానీ, ఆర్సెనిక్ లేని కొత్తరకం మందుల్లోనూ కాపరే ఉంటుంది కాబట్టి దాన్ని నమ్మి తేల్చకండి.

తీయదలిస్తే కోయకుండా తీయండి. స్క్రూ ఉంటే విప్పండి, మేకు ఉంటే ఊడదీయండి, పలక పలకగానే రావాలి. కింద మందపాటి పట్టా పరవండి. తప్పక కోయాల్సి వస్తే చేతిరంపంతో, ఆ చోటు తడిపి, పట్టా మీద. గాలి ఉన్న రోజు వద్దు. సన్నటి దుమ్ము ఆపే మాస్కు, చేతి తొడుగులు పెట్టుకుని, పని బట్టలు విడిగా ఉతకండి. పాపని ఆ రోజు ఎక్కడికైనా పంపేయండి.

డెక్ గట్టిగా ఉండి, ఇప్పట్లో తీసే స్తోమత లేకపోతే చెక్క లోపలికి ఇంకిపోయే రకం రంగు, అంటే స్టెయిన్, ఏడాదికోసారి వేయండి. చేతికి అంటేది బాగా తగ్గుతుంది. పొరలా పైన నిలిచే పెయింటు వద్దు. అది పొట్టు లేస్తుంది, మళ్లీ గీకాల్సి వస్తుంది, గీకితే మళ్లీ ఇదే కథ. డెక్ తెల్లగా మెరుస్తుందని అమ్మే యాసిడ్ క్లీనర్లు, బ్లీచ్ దగ్గరికి రానివ్వకండి. యాసిడ్ ఆర్సెనిక్‌ని ఎక్కువ కరిగిస్తుంది. బ్లీచ్ అయితే చెక్కలో నిద్రపోతున్న క్రోమియాన్ని దాని విషరూపానికి తిప్పుతుంది. ప్రెషర్ వాషర్ కూడా వద్దు, నార లేచిపోతుంది.

ఇంకో సంగతి చెప్పాలి. నా దగ్గర మిగిలిన చెక్క తుంపులు ఏళ్ల తరబడి చిప్పర్‌లో వేసి పొట్టు చేసి చెట్ల మొదళ్లలో పరవడానికి ఇచ్చేవాణ్ని. ఎవరి తోటల్లోకి పోయిందో ఇప్పుడు లెక్క కూడా చెప్పలేను. పెద్దయెత్తున అలాగే జరిగింది. కూల్చిన కట్టడాల చెక్కంతా కలిపి మల్చ్, అంటే మొదళ్లలో పరిచే పొట్టు, చేసి, రంగు వేసి అమ్మారు. రంగు వేస్తే ఏ చెక్కో ఎవరు గుర్తుపడతారు? ఈ విషయం ఎక్కడ మాట వచ్చినా చెబుతున్నాను, కనీసం ఇంకొకరు చేయకుండా ఉంటారని.

పెరటిమడి:

ఇద్దరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. మీ జవాబు చదివి మావారు స్యాండర్ లోపల పెట్టేశారు. డెక్ చుట్టూ జాలీ కొట్టి దారి మూశాం. పాపకి వచ్చే వారం పరీక్ష.

మూడు సంగతులు అడగాలి. పెరడు దిగువన చిన్న కుంట ఉంది, వాన నీళ్లన్నీ అందులోకే పోతాయి. మా బావి డెక్‌కి వంద అడుగుల దూరం. ఇక చివరిది, ఒక రకం ఫెర్న్ మొక్క ఆర్సెనిక్‌ని మట్టిలోంచి పీల్చేస్తుందని చదివాను. మట్టి తవ్వే బదులు అది వేస్తే సరిపోదా?

నీటిఅంచు:

కుంట గురించి నేను చెబుతాను. నీటిలో బతికే జీవుల మీద లోహాల ప్రభావం చూడటమే నా పని.

అందరూ ఆర్సెనిక్ అంటారు గానీ, నీళ్లలో మొదట దెబ్బ కొట్టేది కాపర్. మనిషికి కొద్దిపాటి కాపర్ అవసరమే, కానీ నాచుకీ నత్తలకీ చేపపిల్లలకీ లీటరులో మైక్రోగ్రాముల్లో ఉన్నా హాని. 1990లలో జుడిత్ వైస్, పెడ్రిక్ వైస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అమెరికా తూర్పు తీరంలో ఈ చెక్కతో కట్టిన ఒడ్డుగోడల దగ్గర వరసగా పరిశోధనలు చేశారు. నీరు కదలని కాలువల్లోని ఆల్చిప్పల్లో కాపర్ పేరుకుపోయింది. ఆ చెక్క మీద పెరిగిన నాచు మేసిన నత్తలు దెబ్బతిన్నాయి. అలలు, ఆటుపోట్లు బాగా ఉన్న చోట మాత్రం కొన్ని మీటర్లు దాటేసరికి ప్రభావం సన్నగిల్లింది. దుంగ పాతి ఎన్నేళ్లయితే అంత తక్కువ.

మీ కుంటలో నీరు కదలదు, కాబట్టి మొదటి రకంలోకి వస్తుంది. మీ చెక్క నీళ్లలో లేదు, అది నయం. నీళ్లకన్నా అడుగు బురద పరీక్షించండి, లోహాలు చేరేది అక్కడే. డెక్ నుంచి వాన నీరు వచ్చే మూలలో ఒకటి, అవతలి ఒడ్డున ఒకటి తీయండి. ఆర్సెనిక్‌తో పాటు కాపర్ కూడా చూడమని చెప్పండి, చెప్పకపోతే చూడరు. కుంటకీ డెక్‌కీ మధ్య వెడల్పాటి పచ్చిక పట్టీ ఉంటే అలాగే ఉంచండి. నేల కోసుకుపోకపోతే మట్టికి అంటుకున్నది కుంట దాకా రాదు.

కొత్త మడికో, కొత్త మెట్లకో చెక్క కొనేటప్పుడు కూడా ఇది గుర్తుపెట్టుకోండి. ఆర్సెనిక్ తీసేసిన కొత్తరకం మందుల్లో కాపర్ పాలు ఎక్కువ, కారేది కూడా ఎక్కువే. ఆర్సెనిక్ లేకపోవడం మనుషులకి పెద్ద మేలు. కుంట ఒడ్డున మాత్రం వాడకండి.

మట్టివాసన:

బావి: వంద అడుగుల దూరంలో ఒక్క డెక్ వల్ల బావి పాడవడం అరుదు. నేల ఇసుక అయి, నీటిమట్టం పైపైనే ఉంటే తప్ప. అయినా ఒకసారి పరీక్ష చేయించండి. తాగేనీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు లీటరుకి 10 మైక్రోగ్రాములు. ఎక్కువ వస్తే డెక్‌నే అనుకోకండి, చాలాచోట్ల భూగర్భ శిలల్లోంచే సహజంగా వస్తుంది.

ఫెర్న్ సంగతి నిజమే, నాకు చాలా ఇష్టమైన విషయం కూడా. ఫ్లోరిడాలో ఒకప్పుడు ఇదే సీసీఏ మందుని కలపకి పట్టించిన స్థలం ఒకటి ఉంది. విషం నిండిన ఆ నేలలో హాయిగా పెరుగుతున్న బ్రేక్ ఫెర్న్‌ని లీనా మా అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు గమనించారు. ఆర్సెనిక్ బాగా కలిపిన మట్టిలో పెంచి చూస్తే ఆకుల ఎండు బరువులో 2 శాతం దాటి ఆర్సెనిక్ చేరింది. 2001లో నేచర్ పత్రికలో వచ్చింది. ఏ మనిషీ పని పెట్టకుండానే ఒక మొక్క అలా పీల్చి దాచుకుంటుందంటే ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది నాకు. కానీ మీ పెరటికి అది సరిపోదు. 64ని పదికి తేవడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లన్నీ కోసిన ఆకులు విషపు చెత్తే, వాటిని ఎక్కడ పెడతారు? ఐదేళ్ల పాప ఉన్న ఇంట్లో విషం నిండిన ఆకులు ఏపుగా పెరగడం కూడా నాకు నచ్చదు. మీది చిన్న స్థలం. తవ్వి తీయడమే సూటి దారి.

మడి పలకలు విప్పేయండి. పలక ఉన్న గీత నుంచి లోపలికి, బయటికి ఒక్కో అడుగు వెడల్పున, ఎనిమిదంగుళాల లోతున మట్టి తీసి, మందపాటి సంచుల్లో కట్టండి. మధ్య మట్టి 8 వచ్చింది కాబట్టి పరవాలేదు, కానీ పొడి దాని మీద పడింది, పై రెండంగుళాలు తీసేయండి. డెక్ కింద అంత తవ్వలేకపోతే పై ఆరంగుళాలు తీసి, గుడ్డ పరిచి, మీద కంకర పోయండి. దుమ్ము లేవకుండా తడిపి తవ్వండి. తర్వాత మళ్లీ పరీక్ష. లేకపోతే తవ్విన పనికి అర్థం ఉండదు.

పలకలు, సంచులు మామూలు చెత్తలో వద్దు. మీ స్థానిక సంస్థలో ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే విభాగానికి ఫోన్ చేసి, సీసీఏ చెక్క అని పేరు పెట్టి చెప్పండి. అడుగున పొర వేసిన చెత్త గుంటలోకి పోవాలది. 2005లో అమెరికాలో కత్రినా తుఫాను తర్వాత పోగైన శిథిలాల్లోని కలపలో 1740 టన్నుల దాకా ఆర్సెనిక్ ఉండొచ్చని పరిశోధకులు అంచనా వేశారు. పొర లేని గుంటల్లో ఆ చెక్క పడితే ఊట నేల కిందికే. మీ పదకొండు పలకలు అందులో ఏపాటివి అనుకోకండి. ఆ కుప్పంతా ఇలాంటి ఇళ్ల పెరళ్లలోంచి వచ్చిందే.

పెరటిమడి:

రెండున్నర నెలల తర్వాత మళ్లీ రాస్తున్నాను. ఎవరైనా ఇదే ఇబ్బందిలో పడి వెతుక్కుంటూ వస్తే పనికొస్తుందని అంకెలతో సహా పెడుతున్నాను.

పాప మూత్ర పరీక్ష మామూలుగానే వచ్చింది. డాక్టరు రూపాలు విడదీసే పరీక్షే రాశారు. రిపోర్టు చేతికొచ్చేవరకు ఆ ఆరు రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. బావి నీరు లీటరుకి 1 మైక్రోగ్రాము లోపే. కుంట బురదలో డెక్ వైపు మూలన ఆర్సెనిక్ 7, అవతలి ఒడ్డున 5, కాపర్ కూడా పెద్ద తేడా లేదు. పచ్చిక పట్టీ ముట్టుకోలేదు.

మట్టివాసన గారు భయపడ్డట్టే కంపోస్ట్‌లో 23 వచ్చింది, మడి నడిమధ్య కన్నా మూడు రెట్లు. ఆ కుప్ప మొత్తం సంచులకెత్తాం. మడి అంచుల్లో తవ్విన మట్టి, డెక్ కింద ఆరంగుళాలు, కంపోస్ట్, గడ్డి మీద పొడి పడిన చోటి పైమట్టి కలిపి అరవై నాలుగు సంచులయ్యాయి. వానకి తడవకుండా పట్టా కింద ఉంచాం. ప్రమాదకర వ్యర్థాల విభాగం మొదట చెక్క మాత్రమే తీసుకుంటామంది. మట్టి రిపోర్టు చూపించి మూడుసార్లు అడిగితే మట్టికీ ఒక రోజు ఇచ్చారు. రిపోర్టు కాగితం దగ్గర పెట్టుకోండి, అది లేకపోతే నా మాట వినేవారు కాదు.

పలకలు మావారే విప్పారు. మొత్తం పనిలో కోత పడింది ఒక్కచోటే, తుప్పు పట్టిన స్క్రూ దగ్గర. చేతిరంపంతో, తడిపి, పట్టా మీద. ఉలిపని గారూ, మీ మాట పొల్లుపోకుండా పాటించాం. డెక్ ఇప్పుడే తీయలేం. మెట్ల రెయిలింగు, పాప చేతులు ఎక్కువగా పడే చోటు, ఈ ఏడాది మారుస్తున్నాం. మిగతాదానికి స్టెయిన్ వేయించాం, వచ్చే ఏడాది ఇదే నెలలో మళ్లీ వేయాలని క్యాలెండర్లో రాసుకున్నాను.

తిరిగి చేయించిన పరీక్షలో మడి అంచున 6, మధ్యలో 5. డెక్ కింద కంకర వేయకముందు 9. కొత్త మడికి చెక్క వాడలేదు, ఇటుకలు పేర్చాను. మొన్న ఆదివారం పాపే ముల్లంగి గింజలు చల్లింది, ఆనక తనంతట తనే కొళాయి దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కుంది.